అరుణజ్యోతి మేడం వెర్నియర్

2024 జూన్ 11, మంగళవారం, ఉదయం 10 గంటల 42 నిమిషాలు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనుక సందులో, మెకానిక్ గజేందర్ తెప్పించిన సమోసా అంచును అరుణజ్యోతి మేడం వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుస్తున్నారు. దేన్నయినా కొలిచేదాకా నమ్మకపోవడం ఆవిడకున్న ఏకైక వ్యసనం.

"నిన్నటికన్నా సున్నా పాయింట్ మూడు మిల్లీమీటర్లు పలుచన."

"తిననీకి మంచిగనే ఉంటది మేడం."

"అది వేరే ప్రయోగం."

మేడం ముప్ఫై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యారు. కర్మన్‌ఘాట్ గుడిలో ఇచ్చిన వడనైనా కొలిచాకే కళ్లకద్దుకుంటారు. ప్రతి కొలతా నల్ల అట్ట నోటుబుక్కులోకి ఎక్కుతుంది. అందులో చివరి గడి పేరు 'పరిశీలకుని దోషం', అంటే కొలిచినవారి పొరపాటు. అక్కడ ఏనాడూ 0.00 తప్ప మరో అంకె పడలేదు.

ఆవిడ నడిపేది 1978 నాటి రాజ్‌దూత్ మోటార్‌సైకిల్. అరిగిన సిలిండర్‌ను కాస్త వెడల్పుగా బోరు చేసి, అందులో పట్టే పిస్టన్ వేయాలి. అదీ పెన్షన్‌కు అందే ధరలో. ఎల్బీనగర్‌లో సైదులు దుకాణంలో చవక పిస్టన్లు ఉన్నాయి గానీ, ఒకదాని కొలత ఒకదానికి రాదు. మేడం వరసగా పదకొండు తిరగ్గొట్టారు.

"పిస్టన్ కొంటున్నరా మేడం, సంబంధం చూస్తున్నరా?" అన్నాడు సైదులు.

"సంబంధమైతే కొంత సర్దుకోవచ్చు."

మొన్న పన్నెండోది కుదిరింది. వెంటనే గజేందర్‌కు ఫోన్ చేసి, ఎంత వెడల్పు చేయాలో చెప్పారు: "సున్నా పాయింట్ రెండు ఐదు." సరిగ్గా అప్పుడే డిపో బస్సు హారన్ మోగింది. గజేందర్ చెవిన పడింది 'రెండు' ఒక్కటే. మెకానిక్‌ల లెక్కలో పావు మిల్లీమీటరు మొదటి సైజు, అర మిల్లీమీటరు రెండో సైజు. అతను రెండో సైజుకు బోరు చేసేశాడు.

సంగతి ఈ ఉదయం పిస్టన్ పెట్టి చూసినప్పుడు గజేందర్‌కు తెలిసింది. అది సిలిండర్‌లో గలగలలాడింది. పోయిన ఇనుము తిరిగి అతకదు. మేడం తను చెప్పిన కొలతే కావాలంటే కొత్త సిలిండర్ కొనివ్వాలి. కొనిస్తే ఈ నెల షాపు కిరాయి వెళ్లదు. కొనివ్వకపోతే సందులో పేరు మిగలదు. సమోసా మందాన్నే వదలని మనిషి తన బోరును వదులుతుందా?

మేడం సమోసా పక్కన పెట్టి సిలిండర్ అందుకున్నారు. మూడుసార్లు కొలిచారు.

"ఈ పిస్టన్ నాకు నచ్చలేదు," అని దాన్ని సంచిలో వేసుకుని ఆటో ఎక్కారు.

గంట తర్వాత సైదులు గజేందర్‌కు ఫోన్ చేశాడు. మేడం పిస్టన్ తిరిగిచ్చి రెండో సైజు తీసుకున్నారట. అందుకు మరో ఏడు కొలిచారట. "సైజు నేనే తప్పు చెప్పిన అన్నది. గా మనిషి తప్పు చేసుడేంది, అన్నా?"

మేడం రాగానే గజేందర్ ఎదురెళ్లాడు. "తప్పు నాది మేడం. రెండంటే రెండో సైజనుకున్న."

"ఫోన్లో హారన్ వినిపిస్తుంటే అంకె చెప్పింది నేను. వినపడేలా చెప్పడం కొలిచినవారి పనే."

"గట్లయితే నాకేం శిక్ష లేదా?"

"ఉంది. చల్లారిన ఆ సమోసా నువ్వే తినాలి."

సాయంత్రానికి బండి మొదటి కిక్కుకే అందుకుంది. మేడం మురిసిపోతూ సైలెన్సర్ గొట్టం కొలవడానికి వంగారు. సీటు మీద నోటుబుక్కు తెరిచి ఉంది. గజేందర్ నూనె చేతులు వెనక్కు కట్టుకుని, చివరి గడిలోకి తొంగి చూశాడు.

0.25