సవరమ్మ నాతో చదివించిన పుస్తకం

గుమ్మలక్ష్మీపురం సంత నుంచి రెండు గంటలు కొండెక్కితే ఇరవై రెండిళ్ళ సవర గూడెం ఒకటుంది. సవరమ్మది ఆ గూడెం. జ్ఞానస్నానంలో ఫాదర్ పెట్టిన పేరది. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళపాటు ఆమె పని చచ్చిపోయినవాళ్ళని పలికించడం. నవ్వకండి. నేను నవ్వి అనుభవించాను.

ఆ పని ఇలా ఉండేదట. ఇంట్లో ఎవరైనా పోతే బంధువులు వచ్చి ఆమె చుట్టూ కూచునేవారు. ఆమె తలమీద గుడ్డ కప్పుకుని ఊగేది. కాసేపటికి పోయినవాడు ఆమె నోటితో మాట్లాడేవాడు. అతను వాళ్ళని నిలదీసేవాడు, బతికున్నవాళ్ళు అతనితో పోట్లాడేవారు. ఎందుకు పోయావు, నామీద కోపంతోనే పోయావా, కడసారి అన్నం తినకుండా ఎందుకు లేచావు? ఒక్కసారితో తెమిలే వ్యవహారం కాదు, ఏడాదీ రెండేళ్ళూ నడిచేది. పోయినవాడు 'ఇంక నాకు కోపం లేదు' అన్న రోజున ఆ ఇల్లు తేరుకునేది.

1994లో ఆమె భర్త వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. ఊరందరి మనుషుల్నీ పలికించిన మనిషి, తన మొగుణ్ణి తనే పలికించుకోలేకపోయింది. మరుసటేడు ఒక్కగానొక్క కొడుకుతో సహా ఫాదర్ గుళ్ళో కలిసిపోయింది. కొడుక్కి తోమా అని పేరు పెట్టారు. అప్పట్నించి గుడ్డ కప్పుకోవడం మానేసింది. జనం మాత్రం రావడం మానలేదు. వచ్చినవాళ్ళని అరుగు మీద కూచోబెట్టి, చచ్చినవాళ్ళు అడగవలసినవన్నీ తనే అడిగేది.

నా సంగతీ చెప్పాలి. నేను తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. అది కూటికి రాని చదువని మా నాన్న ముందే చెప్పాడు, నేను వినలేదు. చివరికి 2001లో కురుపాంలో ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను కౌన్సిలర్‌గా పెట్టుకుంది. డాక్టర్ వరహాలరావు అనే మానసిక వైద్యుడు నెలకోసారి వచ్చి క్యాంపు పెట్టేవాడు. లేని గొంతులు వినబడేవాళ్ళూ, నెలల తరబడి నిద్ర లేనివాళ్ళూ ఆయన వాటా. మిగతావాళ్ళు నా వాటా. మా ప్రొఫెసరుగారు చెప్పిన మాట నాకు తారకమంత్రం: జబ్బున్నవాణ్ణి డాక్టరు చూస్తాడు, ప్రశ్న ఉన్నవాణ్ణి తత్వం చదివినవాడు చూడాలి. నేను చేసింది న్యాయమేనా, ఇకమీదట ఎందుకు బతకాలి అన్నవి రోగాలు కావు, వాటి గురించి ఇద్దరు కూచుని ఆలోచించాలి. వినడానికి ఎంతో బావుంది. ఏది జబ్బో ఏది ప్రశ్నో తేల్చేవాడెవడని మాత్రం నేను ఆయన్ని అడగలేదు.

నాకు సవరమ్మ గొడవ గాసితో మొదలైంది. అతనూ ఆ గూడెంవాడే, పెళ్ళాం బిడ్డతో సహా పురిట్లో పోయింది. అతను తిండి మానేశాడు. నేను మూడు వారాలు వరసగా వెళ్ళి 'నీ తప్పేం లేదు గాసీ' అని చెప్పాను. ఆ మాట నేను అందరికీ చెప్పేవాణ్ణి, ఖర్చు లేని మాట గదా. నాలుగో వారం గాసి నన్నొదిలేసి సవరమ్మ అరుగెక్కాడని తెలిసింది. కుళ్ళుకుని నేనూ వెళ్ళాను.

"నొప్పులొచ్చినేల నువ్వెక్కడున్నావు?" అని అడుగుతోంది ఆమె.

"జీలుగు సెట్టుకాడ."

"కబురొచ్చిందా?"

"వొచ్చింది."

"బేగి లెగిసినావా?"

"నేదు. ఇంకో డొప్ప కల్లు తాగినాను."

"అయితే తప్పు నీదే."

ఈ మనిషి రేపు ఉరేసుకుంటే ఎవరిది బాధ్యత అని ఆమె మీద అరవబోయాను. గాసి మాత్రం నెలరోజుల తర్వాత మొదటిసారి తలెత్తి ఎదుటి మనిషి మొహం చూశాడు.

"తప్పు సేసినోడు బతకకూడదని ఎవులన్నారు?" అంది సవరమ్మ. "ఎలాగ బతుకుతావో సెప్పు. దాని తల్లి ఒక్కర్తే ఉంది. దానికి కట్టెలెవులు తెత్తారు?"

పొద్దు వాలేదాకా ఆ ఒక్క విషయమే మాట్లాడుకున్నారు. గాసి అత్తని తన ఇంటికి తెచ్చుకునేట్టు తేలింది. ఆ పూట అంబలి తాగాడు. క్యాంపులో ఇదంతా చెబితే వరహాలరావు కుర్చీలోంచి లేచాడు. "డిప్రెషన్‌లో ఉన్నవాడితో అలా మాట్లాడతారా? చచ్చిపోతాడు," అన్నాడు. మళ్ళీ కూచుంటూ, "ఇంతకీ తింటున్నాడా?" అని అడిగాడు. ఆ తర్వాత నేను ప్రతి మంగళవారం ఆ కొండెక్కాను.

2003 నవంబరులో ఒక మంగళవారం వెళ్ళేసరికి సవరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "తోమా ఏటో మాటాడతన్నాడు బాబూ. నాకు తెలీటం నేదు. నువ్వు సూడు," అంది.

తోమాకి ఇరవై రెండేళ్ళు. ఇంటర్ తప్పి, చోడి చేను చూసుకుంటున్నాడు. మూల మోకాళ్ళు కావలించుకుని కూచుని, పొంతన లేని మాటలు అంటున్నాడు. నేను శిక్షణలో నేర్చుకున్నట్టు మూడడుగుల దూరంలో కూచుని, పుస్తకం తీసి రాసుకున్నాను. చదువు పోయింది, ఉద్యోగం లేదు, సిగ్గుతో కుమిలిపోతున్నాడు, ఇది జబ్బు కాదు ప్రశ్న అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. 'నీ బతుక్కి అర్థం ఏమిటనుకుంటున్నావు తోమా?' అని అడిగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

బుధవారం తోమా లేచి చేనుకి వెళ్ళాడు. నా ప్రశ్నలే అతన్ని లేపాయని గూడెమంతా చెప్పుకు తిరిగాను. ఆ వారం నేను కొండ దిగలేదు, ఆ రాత్రి గుడి పక్క గదిలో హాయిగా నిద్రపోయాను. గురువారం అతను మళ్ళీ మూలకి చేరాడు. ఈసారి తల్లిని కూడా గుర్తుపట్టలేదు. నేను మళ్ళీ పుస్తకం తీశాను.

శుక్రవారం పొద్దున్నే హెల్త్ వర్కర్ బేబి వచ్చింది. వస్తూనే అతని నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒళ్ళు కాలిపోతంది. మూడ్రోజుల్నించి మీరిద్దరూ ఏటి సేత్తన్నారు?"

డోలీ కట్టి దించాం. రోడ్డు కనబడుతుండగా తోమా ప్రాణం పోయింది. మళ్ళీ గూడేనికే మోసుకెళ్ళాం. మలేరియా మెదడుకెక్కిందని, బేబి తీసిన రక్తపూత రిపోర్టు మర్నాడు చెప్పింది. రెండు రోజుల ముందు మాత్రలు పడితే బతికేవాడని బేబి నాతో ఏమీ దాచకుండా చెప్పింది. ఆ మాట విన్నాక నేను కొండ ఎలా దిగానో, కురుపాం ఎలా చేరానో నాకు గుర్తు లేదు.

సవరమ్మ ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. కన్నకొడుకు పోతే కన్నీటి చుక్క రాలని తల్లిని ఆ కొండలు ఎరగవు. ఆడవాళ్ళు చుట్టూ కూచుని ఆమె తరఫున వాళ్ళే ఏడ్చారు. ఆమె తిండి రోజుకో గుక్కెడు అంబలికి దిగింది. వరహాలరావు స్వయంగా కొండెక్కి మాత్రలిచ్చాడు. ఆమె బుద్ధిగా మింగింది, నిద్రపోయింది, లేచి మళ్ళీ ఆ అరుగు మీదే రాయిలా కూచుంది. ఆయన దిగివచ్చి నాతో అన్నాడు: "నిద్ర నేనివ్వగలను. లేచాక ఆమెకి ఎదురయ్యేది నా మందుకి లొంగదు. ఇలాగే ఉంటే మనిషి దక్కదు. మీరు వెళ్ళండి."

నేను వెళ్ళలేదు. నలభై రోజులు దాక్కున్నాను. నలభై ఒకటో రోజున వెళ్ళింది కూడా ఆమె కోసం కాదు. 'నీ తప్పేం లేదు బాబూ' అని ఆమె నోటితో ఒక్కసారి అనిపించుకోవాలని వెళ్ళాను.

చెంపలు పీక్కుపోయి, మెడ ఎముకలు తేలి ఉంది. నన్ను చూసి కోప్పడలేదు.

"పుస్తకం తెచ్చినావా?" అంది.

"తెచ్చానమ్మా."

"ఆడేటన్నాడో సదువు."

మంగళవారం పేజీ తీశాను. తోమా పోయాక దాన్ని నేను తెరవలేదు. 'అమ్మా, చలి' అని తోమా అన్న మాట రాసి ఉంది. పక్కనే నా వ్యాఖ్యానం: చలి అంటే ఒంటరితనం కావచ్చు, తల్లి దూరమైందన్న భావన. చలి అన్నవాడికి చలి వేస్తుందని నాకు తట్టనే లేదు. ఎం.ఏ. చదివిన బుర్ర అది. అన్నీ పైకే చదివి వినిపించాను.

"ఎన్నిమార్లన్నాడు?"

అన్నప్పుడల్లా ఒక గీత గీశాను. లెక్కపెట్టాను. "పదకొండు."

"నువ్వు ఒళ్ళు ముట్టుకున్నావా?"

"లేదమ్మా. ఎదుటి మనిషిని ముట్టుకోకూడదని మాకు నేర్పారు."

"తప్పు నీదే," అంది.

ఎదురుచూసిన దెబ్బే. గాసిని అడిగినట్టు నన్నూ ఎలా బతుకుతావని అడుగుతుందని కూచున్నాను. ఆమె అడగలేదు.

"నానూ ముట్లేదు," అంది.

నాకు అర్థం కాలేదు.

"వాగులో పోయినోళ్ళు వణుకుతా వొత్తారు బాబూ. ముప్ఫై ఏళ్ళు సూసినాను. తోమా వణుకుతుంటే ఆడి అయ్య వొచ్చినాడనుకున్నాను. నా మీద కోపంతో ఇన్నేళ్ళు పలకనోడు, ఇప్పుడు కొడుకు నోట పలకతన్నాడనుకున్నాను. ఆ మాటలు తెలీకే నిన్ను సూడమన్నాను. పలికేవోణ్ణి ముట్టుకోకూడదు, ముట్టుకుంటే వొచ్చినోడు ఎల్లిపోతాడు. దుప్పటి నా సేతిలోనే ఉంది. కప్పితే పోతాడని కప్పలేదు. ఆ మూడ్రోజులూ నాను సంబరపడ్డాను."

అలవాటు చొప్పున 'మీ తప్పేం లేదమ్మా' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. ఆమె నా మొహంలోకే చూస్తోంది. నలభై ఒక్క రోజుల్లో గూడెంలో ప్రతివాళ్ళూ ఆమెతో ఆ మాటే అని ఉంటారు. దుప్పటి సంగతి తెలీక అన్నారు వాళ్ళు. తెలిసీ అంటే నేను ఆమెకి అబద్ధం చెప్పినట్టే.

"తప్పేనమ్మా," అన్నాను. "మీది కూడా."

ఆమె తల మెల్లగా మోకాళ్ళ మీదికి వాలింది. మొదట శబ్దం రాలేదు. తర్వాత వచ్చిన ఏడుపుకి ఎదురింటి వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. దగ్గరికి రావద్దని వాళ్ళకి చెయ్యి ఊపి, నేను జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేశాను.

చాలాసేపటికి ముక్కు చీదుకుని, తల ఎత్తకుండానే అంది: "ఆడు అమ్మా అన్నకాడ్నించి మళ్ళీ సదువు బాబూ."

నా వ్యాఖ్యానం వదిలేసి తోమా మాట ఒక్కటే చదివాను. పదకొండుసార్లూ చదివాను.