వదిన గ్లోవ్స్ ఇచ్చేసిన శనివారం

మోకాలు చూసిన ఫిజియో పోయిన వారం నాతో, ఇక పరుగులు ఆపండి, నడిస్తే చాలని చెప్పింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. ఎంత మర్యాదగా చెప్పినా అక్కడ కూర్చున్నంతసేపూ నాకు మా పెద్దన్నయ్య భార్య, మా వదినే గుర్తొచ్చింది.

పదేళ్ళ కిందట న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో, ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్ళమంతా కలిసి ఒక ఫుట్‌బాల్ టీమ్ పెట్టాం. నర్సులం, ల్యాబ్ వాళ్ళం, ఇద్దరు కివీ డాక్టర్లు. గోల్ కీపర్‌గా నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ల్యాబ్‌లో పనిచేసే మా వదిన తెనాలిలో చదువుకునే రోజుల్లో వాలీబాల్ ఆడేదట. "బంతి పట్టుకోవడమే కదా" అంటూ అన్నయ్య జాకెట్, ఉన్ని టోపీ తగిలించుకుని దిగింది. సముద్రం మీంచి వచ్చే గాలికి ముక్కు ఎర్రబడేది, ఒళ్ళంతా బురదయ్యేది, అయినా నాలుగు చలికాలాలు ఆ గోల్ ఆమెదే. నేను కెప్టెన్‌ని. ఉండేది కూడా వాళ్ళింట్లోనే. ఉద్యోగానికి ఈ దేశం వచ్చిన రోజున నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్ళి, తన గదిలోని హీటర్ తెచ్చి నా గదిలో పెట్టిన మనిషి ఆమె.

నాలుగో చలికాలం మధ్యలో వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి ఒకతె మాతో చేరింది. పిల్లిలా దూకేది. వదినను ఆంటీ అనేది, ఆ ఒక్క మాటే వదినకు నచ్చేది కాదు. అప్పటికి వదిన కిందికి వచ్చే బంతులకు వంగడంలో ఆలస్యం చేస్తోంది. అది టీమంతా చూస్తోంది, నోరు విప్పి అనేవాళ్ళే లేరు. ఆఖరి మ్యాచ్ ఓడితే కింది డివిజన్‌కు పడిపోతాం. గోల్ కీపర్‌గా నేను ఆ అమ్మాయినే ఎంచుకున్నాను.

ఎంచుకోవడం తప్పు కాదు, చెప్పిన తీరే తప్పు. శుక్రవారం సాయంత్రం వంటింట్లో వదిన పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ, మధ్యలో చేతులు తుడుచుకుని, టీమ్ గ్రూపులో పేర్ల జాబితా పెట్టేశాను. గట్టు మీద ఆమె ఫోన్ మోగింది. చదివింది. పోపు మాడకుండా స్టవ్ తగ్గించి, "రేపు ఎన్నింటికి బయల్దేరాలి?" అని మాత్రం అడిగింది.

మర్నాడు సన్నటి వాన. గ్లోవ్స్ తనే తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చింది. మొదటి సగంలోనే రెండు గోల్స్ పడ్డాయి, ఒకటైతే కాళ్ళ మధ్య నుంచే పోయింది. విరామంలో ఆ పిల్ల గ్లోవ్స్ విప్పి ఏడుపు మొదలుపెట్టింది. "ఆంటీ, నాతోని అయితలేదు. మీరే దిగండి."

నేనూ సిగ్గు విడిచి అడిగాను. "దిగు వదినా."

వదిన ఆ పిల్ల చేతులకు తడి గ్లోవ్స్ మళ్ళీ తొడిగి, పట్టీలు బిగించింది. తర్వాత నావైపు తిరిగింది. "ఇప్పుడు నేను దిగితే ఈ పిల్ల మళ్ళీ గోల్ దగ్గరికి రాదు. ఎంచుకున్నావుగా, దాని మీద నిలబడు."

రెండో సగమంతా గోల్ వెనకాల వానలో నిలబడి, "ఎడమకి జరుగు! మోకాళ్ళు వంచు! మనుషుల్ని కాదు, బంతిని చూడు!" అని తెలుగులో అరుస్తూనే ఉంది. ఆవిడ తిడుతోందా అని అవతలి టీమ్ అమ్మాయి ఒకతె నన్ను అడిగింది. ప్రార్థన చేస్తోందన్నాను. మరో గోల్ పడలేదు. మేమొకటి వేశాం, అయినా ఓడిపోయాం, కింది డివిజన్‌కు పడిపోయాం. మరుసటి ఏడు అదే అమ్మాయి గోల్ కాస్తుండగా మళ్ళీ పైకొచ్చాం. వదిన మాత్రం ఇక ఆడలేదు. ఆ అమ్మాయికి శిక్షణ ఇచ్చింది.

ఆ రోజు కారులో, ముందే చెప్పాల్సిందని నసిగాను. వదిన కిటికీలోంచి చూస్తూ, "తీసేసినందుకు కాదే. పక్కనే నిలబడి కూడా చెప్పలేదు చూడు, దానికి బాధేసింది" అంది. తర్వాత తనే, తడి జుట్టు తుడుచుకోమని నాకు తువ్వాలు అందించింది.

అప్పుడు వదినకు నలభై మూడేళ్ళు. ఆమెకు వయసైపోయిందని ఎంత సులువుగా అనేసుకున్నానో, నాకు నలభై మూడు వచ్చి వెళ్ళాక గానీ తెలియలేదు.