గాలి గుంజల డేరా

ఉప్పెన వచ్చిన ఏడాది, సముద్రం వైపు ఊళ్లకు డేరాలు పంపాలంటే చిక్కంతా గుంజలతోనే వచ్చింది. గవర్నర్‌పేటలో ఒక టార్పాలిన్ కొట్లో నేను గుమాస్తాని. చదివింది అయిదో తరగతి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. సరుగుడు గుంజలతో అయితే లారీకి పన్నెండు డేరాలు పడుతున్నాయి. గుంజలు లేకపోతే అరవై పడతాయి. కూలిన చెట్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి, ఎక్కువ లారీలు పోయే దారి లేదు.

ఉపాయం మా డేరాలు కుట్టే మేస్త్రీది. పటమట నుంచి వచ్చే సాయిబుగారు. పాత లారీ ట్యూబులు కోసి, పొడుగ్గా అతికించి, కాన్వాసు తొడుగులో దూర్చి, సైకిలు పంపుతో గాలి కొట్టారు. కొట్టగా కొట్టగా అది అరటి బోదెంత లావున బిగిసింది. రెండు కొసలూ నేల మీద మేకులకు కడితే కమానులా వంగి నిలబడింది. డేరాకు అలాంటివి రెండు చాలు. గాలి తీసి చుడితే గోనెసంచిలో పట్టేవి. ఎంత బరువు ఆపగలదో, ఎంత గాలికి తట్టుకుంటుందో నేను లెక్క కట్టాను. తట్టుకుంటుందనే తేలింది.

మేమిద్దరం లారీతోపాటు వెళ్లి కాలవగట్టు మీద డేరాలు వేశాం. మొదటిది ఒక అత్తాకోడళ్లకు ఇచ్చాం. ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. ముసలావిడకు జ్వరం, దగ్గు. తడిస్తే దక్కదని డాక్టరుగారు చెప్పి వెళ్లారు.

మధ్యాహ్నానికి దక్షిణాన మబ్బు కమ్మింది. "సముద్రం మళ్లీ లేచిందంట!" అని ఎవరో అరిచారు. నేను వెనక్కి తిరిగేసరికి ఆ డేరా నేలమీద ఉంది. కోడలు ఒక గాలి గుంజ పీకి అత్త నడుముకు కడుతోంది.

"అది తీస్తే డేరా నిలవదమ్మా" అన్నాను.

"డేరా ఎవడిక్కావాలండీ? ఆ రోజు ఇలాంటి బోదె ఒకటి ఉంటే నా పిల్లలు తేలేవోళ్లు."

"సముద్రం రాదు. వాన ఒకటే అని రేడియోలో చెప్పారు."

"ఆ రోజూ చెప్పింది లెండి మీ రేడియో."

ముసలావిడ దగ్గుతూనే నా వైపు చూసింది. "చూశావా బాబూ, గేదెని కట్టినట్టు కట్టేసింది. ఈ వయసులో నాకు ఈత నేర్పుద్దంట."

"కదలమాకత్తా, ముడి ఊడుద్ది."

అప్పటికే గట్టు పొడుగునా డేరాలు ఒకదాని వెనక ఒకటి కూలుతున్నాయి. గుంజలు పిల్లల నడుములకు ఎక్కుతున్నాయి. మేస్త్రీ కోపంగా, "గాలి తీసేస్తాను, అప్పుడేం కట్టుకుంటారో చూస్తాను" అని ఒక గుంజ దగ్గరికి వెళ్లారు. దాన్ని కావలించుకున్న పిల్లను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

సముద్రం రాలేదు. వాన వచ్చింది. చీకటి పడేదాకా మేమిద్దరం ఆ ముసలావిడ మీద టార్పాలిన్ చేతులతో ఎత్తి పట్టుకున్నాం. గాలి తిరిగినప్పుడల్లా జల్లు లోపలికి కొట్టేది. చేతులు లాగేసి దించినప్పుడు ఆవిడ నడుము దగ్గర గుంజ మడతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి.

రెండోనాడు ఆవిడ పోయింది. కోడలు ముళ్లు విప్పి, ఆ గుంజను తన నడుముకు కట్టుకుంది. మేస్త్రీ మెల్లగా, "ఇంకొకటి తెచ్చి డేరా వేసిస్తాం తల్లీ, లోపల పడుకో" అన్నారు.

ఆమె బొటనవేలితో గుంజ నొక్కి చూసుకుంది. "మెత్తబడిందండీ, గాలి కొట్టండి" అంది.

ఆయన నా వైపు చూశారు. నేను పంపు తెచ్చిచ్చాను. ఆయన తగిలించి కొట్టడం మొదలుపెట్టారు.