వదిన వేసిన జాయింటు

ఆ గుంపులో అందరికీ ఆమె వదినే. సొంత మరిది ఒక్కడే పిలవాల్సిన పిలుపు మేస్త్రి దాకా పాకింది. ఆయనకు ఆమె తండ్రి వయసు, అయినా వరసలు ఎవరు చూస్తారు? వదిన పని కరెంటు కేబుళ్లు అతకడం.

సముద్రం ఒడ్డున గాలిమరలు పుట్టించే కరెంటు ఎక్కడో దూరాన ఉన్న నగరానికి చేరాలి. అంత దూరం భూమిలోంచి మామూలు ఏసీ కరెంటు పంపితే దారి ఖర్చుకే చాలామటుకు అయిపోతుంది. అందుకని డీసీగా మార్చి, లక్షల వోల్టుల మీద పంపుతారు. కేబుల్ ముక్కలుగా వస్తుంది, ముక్కకీ ముక్కకీ మధ్య ఒక జాయింటు. డీసీతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది అటూ ఇటూ ఊగదు. ఒకేవైపు ఒత్తుతూ, కదలని చుట్టంలా తిష్ఠ వేస్తుంది. జాయింటులో నలుసంత లోపం ఉన్నా దాని చుట్టూ చేరి, చివరికి పేల్చేస్తుంది.

పోయినేడాది పరీక్షలో వదిన వేసిన జాయింటే పేలింది. తప్పు ఎక్కడ జరిగిందో తేలలేదు గానీ చెడ్డపేరు మాత్రం ఆమెకే వచ్చింది. అప్పటినుంచి పనిముట్లు అందించడంతో సరి. ఆ ఏడాదంతా ఆమె మనసారా నవ్వింది లేదు. ఇప్పుడు ఆఖరి జాయింటు దగ్గర మేస్త్రికి నడుం పట్టేసింది. గత్యంతరం లేక ఆమెనే పిలిచాడు.

"ఇది కూడా పేలిందంటే నీకూ ఈ పనికీ రుణం తీరిపోయినట్టే వదినా" అన్నాడు.

దుమ్ము చొరబడని గుడారంలో, తలకు టోపీ, చేతులకు తొడుగులు వేసుకుని, వదినా మరిదీ పనికి దిగారు. రాగికి రాగిని అతికించారు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పొరను సన్నని గరుకు కాగితంతో అద్దంలా మెరిసేదాకా రుద్దారు. ఇక రబ్బరు తొడుగు ఎక్కించడమే తరువాయి. అప్పుడు వదిన టార్చిలైటు ఏటవాలుగా పట్టి, అలా ఉండిపోయింది.

"ఏంటి వదినా, ముఖం చూసుకుంటున్నావా?"

"నోరు మూసుకుని ఇటు చూడు."

పొర లోపల ఒక నల్లటి చుక్క. ఆవగింజలో సగం కూడా లేదు. ఇంకా రుద్దితే పొర పలచనైపోతుంది.

"కోసేసి మళ్లీ మొదలెడదాం" అంది వదిన.

గుడారం గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి నిప్పులు చెరిగాడు. "మతి గానీ పోయిందా? ఉన్న మిగులు కేబుల్ ఇంకొక్కసారికే సరిపోతుంది! అదీ చెడితే ఈ గోతిలోనే నన్ను పూడ్చేయండి. మచ్చ అయ్యుంటుంది, తుడువు."

"తుడిచాను, పోలేదు."

"పైవాళ్లకి ఏం చెప్పమంటావ్?"

"వదినకి పిచ్చెక్కిందని చెప్పండి. ఒరేయ్, రంపం తే."

పైకి అలా అంది గానీ, లోలోపల భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా కోసింది. మళ్లీ మొదటినుంచీ అంతా చేసింది. ఈసారి టార్చి వెలుగులో పొర మచ్చ లేకుండా కనిపించింది.

పరీక్ష రోజున అందరూ కంచె బయట నిలబడ్డారు. వోల్టేజి పూర్తిగా ఎక్కించి, గంటసేపు ఉంచారు.

"ఊపిరి తీసుకో వదినా, దానికి కరెంటేం కాలదు" అన్నాడు మరిది.

గంట గడిచింది. పరీక్ష చేసే ఇంజనీరు క్యాబిన్‌లోంచి పరుగెత్తుకొచ్చి, "నిలబడింది!" అని కేక పెట్టాడు. వదిన అంతకన్నా పెద్ద కేక పెట్టింది. ఏడాదిగా దిగమింగుకున్నదంతా ఆ కేకలో బయటికొచ్చింది. మరిది ఈల వేశాడు. మేస్త్రి నడుం సంగతి మరిచి ఎగిరాడు, వెంటనే "అమ్మో!" అని కూలబడ్డాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ సాయంత్రమే ఆ కేబుల్ నగరానికి కరెంటు మోసింది.

మేస్త్రి కూర్చున్న చోటినుంచే అడిగాడు.

"వచ్చే నెల ఇంకో లైను ఉంది. పెద్ద జాయింటరుగా వస్తావా?"

"వస్తాను. కానీ గుడారంలో నేను కోసెయ్యమంటే కోసెయ్యాలి. అక్కడ నా మాటే చెల్లాలి."

మేస్త్రి చుట్టూ చూశాడు. గుంపంతా వింటోంది.

"చెల్లుతుంది తల్లీ" అన్నాడు, అందరికీ వినపడేలా.