గొట్టం చివరి పట్టు

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది. అలాంటి ఈ సుబ్బరత్నం లస్కరు శౌరయ్య గుట్టు రెండేళ్లు కడుపులో దాచుకుందంటే మా ఆయనే నమ్మడు. శౌరయ్య నిన్న రిటైరయ్యాడు. ఇక చెప్పొచ్చు.

కంకిపాడు అవతల మా చేలకు మురుగుతూమే ప్రాణం. వాన ముంచెత్తితే నీళ్లు దాని గుండానే బయటికి పోవాలి. ఆ తూము తలుపు ఎత్తడం, దించడం లస్కరు పని. ఆ ఏడు నాట్లు వేసిన మర్నాడే కుండపోత. తెల్లవారుతూనే గొడుగేసుకుని శౌరయ్యను నాలుగు తిట్టి రావడానికి బయల్దేరాను.

అక్కడికి వెళ్లి చూద్దును కదా, ఆయన గట్టు మీద కూర్చున్నాడు. తలుపును పైకి లేపే నిలువు కడ్డీకి పొడుగాటి ఇనప గొట్టం అడ్డంగా తగిలించి, ఆయన భార్య అమలమ్మ ఒక్కతే దాన్ని చుట్టూ తోస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"సిగ్గు లేదటయ్యా? ఆడమనిషి చేత తిప్పిస్తా కూర్చున్నావా?"

శౌరయ్య తల దించుకున్నాడు. అమలమ్మే ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

"ఆయన భుజంలో నరం దెబ్బతిందండీ. కుడిచెయ్యి పైకి లేవట్లా. ఉగాది కాణ్ణించీ నేనే తిప్పుతున్నా. పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఉండదండీ."

నా కోపం చప్పున చల్లారింది. పాపం, ఇన్నాళ్లూ ఎంత భయపడుతూ బతికారో! ఆ రోజు చెత్త అడ్డుపడి తలుపు బిగుసుకుపోయింది. మగవాళ్లను పిలిస్తే గుట్టు బయటపడుతుంది. పిలవకపోతే నా నాట్లు కుళ్లిపోతాయి. కొంగు దోపి నేనే గొట్టం పట్టుకుని బలమంతా పెట్టి తోశాను. కదిలితే ఒట్టు!

"అమ్మగారూ, కడ్డీకి అంత దగ్గర పట్టుకుంటే ఏనుగొచ్చినా తిరగదండీ," అన్నాడు శౌరయ్య. "మీ ఇంటి తలుపు గడియ దగ్గర తోస్తే తేలిగ్గా తెరుచుకుంటది. అదే మడతబందు దగ్గర తోసి చూడండి. బలం చాలు గానీ, దూరం చాల్లేదు. చివరికి జరగండి."

జరిగాను.

"మీలాంటి నిండుమనిషి ఉండాల్సింది అక్కడేనండీ," అంది అమలమ్మ. అంత దిగులులోనూ ముగ్గురికీ నవ్వొచ్చింది.

చుట్టూ తిరిగే దారి పెరిగింది గానీ, ఇందాకటి తోపుకే కడ్డీ కిర్రుమంది. తలుపు కిందనుంచి నీళ్లు ఉరికాయి.

పొద్దెక్కాక ఊరు కదిలొచ్చింది. "శౌరయ్య చెయ్యే చెయ్యి!" అన్నారు. నా నాలుక ఒకటే దురద పెట్టింది. "మరి కాదా!" అని ఊరుకున్నాను. ఆ తర్వాత తలుపు బిగిసినప్పుడల్లా నేనూ వెళ్లి గొట్టం పట్టాను.

నిన్న సన్మానంలో శాలువా కప్పి, ఫొటో కోసం అందరికీ దణ్ణం పెట్టమన్నారు. శౌరయ్య ఎడమ చెయ్యి లేచింది. కుడిది వేలాడుతూనే ఉంది. జనమంతా చూస్తున్నారు. పక్కనే ఉన్న అమలమ్మ ఆయన మణికట్టు కింద రెండు వేళ్లు పెట్టి, మెల్లగా పైకెత్తి ఎడమ చేతికి కలిపింది.

మోచేతి దగ్గర పట్టుకోలేదు. చివర పట్టుకుంది.