నల్ల పలక మీద గీతలు

ఆ మాట అన్నది ఒక శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక, అరాద్‌లో నన్ను వీసా మీద గల్ఫ్‌కు తెచ్చుకున్న మా కఫీల్ ఇంటి ముందు. అన్నది కఫీల్ తమ్ముడు. అప్పుడు అతని చేతిలో ఖర్జూరం గింజ ఉంది, పారేయడానికి చోటు వెతుకుతున్నాడు. ఇంత వివరంగా గుర్తుపెట్టుకోవడం మంచి గుణం కాదని మావాళ్ళు అంటారు. అన్నవాడూ మరిచిపోయి, పడ్డవాడూ మరిచిపోతే ఇక ఆ మాటకు జవాబు చెప్పేదెవరు?

నేను ఆ ఇంట్లో డ్రైవరును. అంతకుముందు ఆరేళ్ళు కట్టడాల దగ్గర సిమెంటు కలిపాను. కఫీల్‌కు కార్ల పిచ్చి. శుక్రవారం భోజనాలయ్యాక తమ్ముడూ, ఇద్దరు స్నేహితులూ బండ్ల చుట్టూ చేరి వాదించుకునేవాళ్ళు. ఇంట్లో రెండు బండ్లు. ఒకటి కఫీల్ తండ్రి నడిపిన పాత పెద్ద కారు. రెండోది అదే కంపెనీ కొత్త కారు. కంపెనీ పేరు రాయను, మళ్ళీ ఒక మాట పడే ఓపిక నాకు లేదు.

వాదన ఎప్పుడూ తలుపు దగ్గర మొదలయ్యేది. పాత కారు తలుపును ఒక్క వేలితో తోసి, చెవులు రిక్కించి వినేవాళ్ళు. ఇనప్పెట్టె మూతపడ్డట్టు ఒకే చప్పుడు. తర్వాత కొత్తదాని తలుపు. దాని చప్పుడు చివర చిన్న వణుకు ఉండేది. ముందున్న జాలీ నోరు తెరిచిన చేపలా ఉందని ఒకాయన అనేవాడు. ఏసీ తగ్గించాలన్నా తెర మీద మూడుచోట్ల నొక్కాలా అని ఇంకొకాయన చిరాకుపడేవాడు. తమ్ముడొక్కడే కొత్తదాని పక్షం. "మీరు ముసలోళ్ళు, మీకు చెక్క, తోలు, గుర్రబ్బండి కావాలి" అనేవాడు. రోజూ రెండిట్లోనూ కూర్చునేవాణ్ణి నేను. నన్ను ఎవరూ అడగలేదు.

పాత కారులో గేరు పక్కన చెక్క ఉండేది. కొత్తదాంట్లో అక్కడ రెండు నల్ల ప్లాస్టిక్ పలకలు, అద్దంలా మెరిసేవి. బండి వచ్చిన రోజు వాటి మీద పల్చటి కవరు ఉంది. మా జగిత్యాల దిక్కు టీవీ రిమోటు కవరు కూడా చిరిగిపోయేదాకా తియ్యం. నేనూ అలాగే వదిలేశాను. తమ్ముడు నవ్వి, "ఇదేమన్నా సంతలో కొన్న సూట్‌కేసా?" అని తనే పీకేశాడు. అది మొదటి మాట. నెల తిరగకముందే పలకల నిండా సన్నటి గీతలు. రెండో మాట, మొదట చెప్పిన ఆ శుక్రవారం మాట, అప్పుడు పడింది.

"సిమెంటు కలిపిన చేతులు. వీటితో ఈ బండి తుడిపిస్తే ఇంకేమవుతుంది?"

నలుగురూ నా చేతులు చూశారు. కఫీల్ కొత్త కారు తాళం తీసుకున్నాడు. ఇంకోసారి ఇలా అయితే వేరే డ్రైవరును చూసుకుంటానన్నాడు. వీసా ఆయన చేతిలో ఉంది. ఆ వారమంతా నాకు కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. సెలవురోజు జిదాఫ్స్ పోయాను. అక్కడ మా ఊరి అన్న ఒకడు కార్ల సీట్లు కుడతాడు.

"ఏందిర, మొఖం గట్ల వెట్టినవ్?"

"నా చేతులు మొరటంట అన్నా. కొత్త బండి నల్ల పలకల మీద గీతలు నా వల్లనేనంట."

"మొరటే గద! నావి జూడు, సూదులు గుచ్చి గుచ్చి జల్లెడైనయ్. గని గా గీతలు చేతులకు రావు, దుమ్ముకు వస్తయ్. పొడిబట్ట తాకిందంటె ఖతం. ఇప్పటి పెద్ద బండ్లన్ని గంతే. పైకి పెండ్లిపిల్ల, ఇప్పి చూస్తె అట్టముక్కలు, బంక."

"గిది నేను చెప్తె ఇంటరా?"

"చెప్పకు. చూపెట్టు."

కఫీల్ కొత్త పలకలు వేయించుకొచ్చాడు. నేను వెళ్ళి అడిగాను. "బాబా, ఒకదాని కవరు తియ్యండి, ఒకదానిది ఉంచండి. నేను లోపల చెయ్యి పెట్టను. మీరే తుడుచుకోండి." ఆయన వింతగా చూశాడు కానీ సరేనన్నాడు.

రెండు నెలలు గేటు తీశాను, బయట కడిగాను, అంతే. ఆయన సీట్లో కూర్చున్నప్పుడల్లా తలగుడ్డ కొసతో దుమ్ము దులుపుకోవడం కిటికీలోంచి కనిపించేది. ఒక సాయంత్రం పిలిచాడు. ఎండ పక్కనుంచి పడుతోంది. కవరు లేని పలక మీద సాలెగూడు అల్లినట్టు గీతలు. రెండోదాని కవరు ఆయనే తీశాడు. నీళ్ళలా ఉంది.

"ఖలాస్. నీ చేతిది కాదు" అని తాళం ఇచ్చాడు.

"బాబా, ఈ మాట శుక్రవారం అందరి ముందు చెప్పండి."

"ఎందుకు?"

"ఆ మాట శుక్రవారం అందరి ముందే అన్నారు."

"ఒంటె కూడా ఇంత పగ పెట్టుకోదు" అన్నాడాయన.

శుక్రవారం చెప్పాడు. కానీ ఎలా? "చూడండి, డ్రైవరు ముట్టకపోయినా గీతలు పడ్డాయి" అని. అందరూ కంపెనీని తిట్టారు. పాత బండి చెక్కను తలుచుకున్నారు. తమ్ముడు కూడా తిట్టాడు, ఆ నెలే అతనూ అలాంటి బండే కొన్నాడు మరి. నా చేతుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఉండబట్టలేకపోయాను.

"భాయ్, ఆరోజు మీరు సిమెంటు చేతులన్నారు."

"నేనా? ఎప్పుడు?"

అతను నిలబడిన చోటు చూపించాను. చేతిలో ఖర్జూరం గింజ సంగతి కూడా చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. "గింజ కూడానా! మాఫీ భాయ్, మాఫీ!" అంటూ అతనూ నవ్వి నా భుజం తట్టాడు. నవ్వుతూ అడిగినదాన్ని నేను మాఫీ అనుకోలేదు. ఆ వెంటనే తన బండి వైపు చెయ్యి చూపాడు. "యల్లా, రా, గీత పడకుండా ఎలా తుడవాలో నీకే తెలుసు. నాది తుడువు."

లోపలికి వెళ్ళి మెత్తటి బట్ట తడిపి, పిండి తెచ్చాను. అతని చేతికే ఇచ్చాను.

"మీరు తుడవండి భాయ్. నేను చెప్తాను."

కఫీల్ నా వైపు గుర్రుగా చూశాడు. నేను కదల్లేదు. తమ్ముడు బట్టతో సీట్లోకి వంగాడు.

"ముందు ఉంగరం తియ్యండి" అన్నాను.

తీశాడు. దాన్ని ఉంచడానికి చోటు కనిపించక నా అరచేతిలో పెట్టాడు. అతను తుడవడం అయ్యేదాకా ఆ ఎండలో అరచెయ్యి చాపుకుని అలాగే నిలబడ్డాను.