గుర్తు లేదని చెప్పమంది

చండ్రుగొండ దగ్గర మా ఊళ్లో తేదీల మీద మాటపట్టింపు వస్తే నా దగ్గరికే వస్తారు. ముప్పై రెండేళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను. ఏ పిల్ల ఏ నెలలో పుట్టిందో, ఏ ఏడు వాగు పొంగిందో చెప్పగలను. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

పోడు పట్టాలకు మళ్లీ దరఖాస్తులు తీసుకున్న ఏడాది గ్రామసభ పెట్టారు. 2005 డిసెంబరు నాటికే అడవి కొట్టి సాగు చేస్తున్నవాళ్లకే పట్టా. కాగితాలు లేనివాళ్లకు ఊరి పెద్దలు సాక్ష్యం చెబితే రాసుకుంటారు. మా పక్కింటామె తన రెండెకరాలకు నన్ను సాక్షిగా పెట్టుకుంది. ఏం చెప్పాలో నాతో ఒక్క ముక్క అనలేదు. అనాల్సిన పని ఉందనుకోలేదు.

ఆ చేను ఎప్పుడు కొట్టిందని అధికారి అడిగాడు.

"2006 ఏప్రిల్" అన్నాను.

అంత కచ్చితంగా ఎలా చెప్పానంటే, మా ఇంటాయన పోయింది ఆ నెలలోనే. కబురు తెలిసేసరికి ఆమె కొట్టిన చెట్లకు నిప్పు పెడుతోంది. పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా మసి. ఆ చేతులతోనే నన్ను పట్టుకుని కూర్చుంది. దినాలు అయ్యేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆమే. ఆమె నా కోసం వచ్చింది కాబట్టే నాకా ఏడాది గుర్తుంది. దాన్నే ఆమె మీద సాక్ష్యంగా పెట్టాను.

సభలో ఆమె నా వైపు చూడలేదు, కొంగు సర్దుకుంది. నాకంటే ముందు ముగ్గురు తమ చేల గురించి తప్పు ఏడాదులు చెప్పారు. తప్పని నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. వాళ్లకు పట్టాలొచ్చాయి. నా నిజం ఆమె ఒక్కదాని మీదే పడింది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు సరిపోవడం లేదు.

ఆమె దరఖాస్తు కొట్టేశారు. పై ఆఫీసులో అప్పీలు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారట, ఒక సాయంత్రం వచ్చి మా గడప బయట నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నిన్ను అబద్ధమాడమంటలేను అక్కా. గుర్తు లేదని చెప్పు, చాలు. ముసలిదానివైనవ్, ఎవలు తప్పు పడ్తరు?"

"అది గూడ అబద్ధమే గద చెల్లె."

"అవ్. గని చిన్నది."

విచారణ రోజు ఇద్దరం ఒకే ఆటోలో కొత్తగూడెం వెళ్లాం. దారి పొడవునా గుర్తు లేదన్న ఆ ఒక్క మాటే లోపల వల్లె వేసుకున్నాను. అక్కడి అధికారి చిన్నవాడు, మర్యాదగానే అడిగాడు. వయసైందనీ, గుర్తు లేదనీ చెప్పాను. ఆ మాట అనడం నాకు అదే మొదలు. అతను ఫైలు తిప్పి గ్రామసభలో రాసుకున్న నా సాక్ష్యం చూపించాడు. కింద నా సంతకం.

"నెలతో సహా చెప్పినవ్ గదమ్మా" అని నవ్వాడు.

అప్పీలూ పోయింది. తిరుగు దారిలో ఆమె, "మొదాలే గట్ల అంటే అయిపోతుండె" అంది. కోపంగా అంటే బాగుండేది.

ఇప్పుడా రెండెకరాల్లో అటవీశాఖ వాళ్లు మొక్కలు నాటి చుట్టూ కందకం తవ్వారు. ఆమె అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలకు కూలికి పోతోంది. తెల్లవారుజామున కూలీల ట్రాక్టరు వచ్చేసరికి నేను లేచే ఉంటాను. తప్పయిందని చెప్పాలని వాకిట్లోకి వస్తాను. ఏది తప్పయిందని అడిగితే ఏం చెప్పాలి? నిజం చెప్పినందుకా, ఒక్క ఆమె విషయంలోనే చెప్పినందుకా, తర్వాత దాన్ని కూడా నిలబెట్టుకోనందుకా?

మొన్న నేను అలా నిలబడి ఉంటే చద్దిగిన్నె చంకన పెట్టుకుని ఆగింది.

"ఏందక్కా?"

"ఏం లేదు" అన్నాను.